గృహ వాతావరణ కేంద్రాల కచ్చితత్వాన్ని సరిపోల్చే విధానం – నల్లజర్ల మెట్ట ప్రాంతపు తోటలకు అన్వయం

సారాంశం

తక్కువ ధరకు లభించే గృహ వాతావరణ కేంద్రాలు ఇటీవలి కాలంలో రైతులకు అందుబాటులోకి వచ్చాయి. తోటలకు నీరు పెట్టడం, మందులు పిచికారీ చేయడం, తెగుళ్ళను ముందుగా అంచనా వేయడం వంటి పనులలో వీటి కొలతలను ఆధారంగా తీసుకొంటున్నందున, ఆ కొలతలు ఎంతవరకు నమ్మదగినవో తెలుసుకోవడం అవసరం. ఈ పరికరాలలోని దోషంలో అధిక భాగం సెన్సర్ వలన గాక, దానికి కప్పిన కవచం, అమర్చిన స్థలం, శుభ్రత, లెక్కకట్టే సమయం అనే నాలుగు కారణాల వలన కలుగుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక్కొక్క కొలతలో దోషం ఏ గంటలలో, ఏ పరిస్థితులలో పుడుతుందో విడదీసి చూడకుండా ఒకే సవరణ సంఖ్యను వాడితే మేలు కన్నా కీడు ఎక్కువని ఉదాహరణతో నిరూపిస్తుంది. రైతు స్థాయిలో తక్కువ ఖర్చుతో చేయగల పరీక్షలను నల్లజర్ల పరిసరాల సాగు పరిస్థితులకు అన్వయించి తెలియజేస్తుంది.

ముఖ్య పదాలు: గృహ వాతావరణ కేంద్రం, కచ్చితత్వం, వర్షమాపకం, గాలిలో తేమ, ఆయిల్ పామ్, నల్లజర్ల

ఉపోద్ఘాతం

పూర్వపు పశ్చిమగోదావరి జిల్లాలో ఉండి, 2022 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తూర్పుగోదావరి జిల్లాలో చేరిన నల్లజర్ల మండలం మెట్ట ప్రాంతానికి చెందినది. దీనికి దక్షిణంగా తాడేపల్లిగూడెం, ఆపైన గోదావరి కాలువల కింది పల్లపు వరి భూములు, నైరుతి దిశగా కొల్లేరు సరస్సు, దాని చుట్టూ చేపల చెరువులు ఉన్నాయి. పల్లపు ప్రాంతంలో కాలువ నీరు ఆధారం కాగా, మెట్టలో బోరుబావియే ప్రధాన ఆధారం. ఆయిల్ పామ్, కొబ్బరిలో అంతరపంటగా కోకో, మొక్కజొన్న, వర్జీనియా పొగాకు వంటి పంటలు ఈ మెట్ట మండలాలలో విస్తారంగా సాగవుతున్నాయి. తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకటరామన్నగూడెంలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, ఏలూరు సమీపంలోని పెదవేగిలో భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ నెలకొని ఉండటం ఈ ప్రాంతంలో తోట పంటలకు గల ప్రాధాన్యాన్ని తెలుపుతుంది.

బోరునీటిపై ఆధారపడిన తోటలో ప్రతి మిల్లీమీటరు వర్షానికీ విలువ ఉన్నది. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరం నేలపై ఒక మిల్లీమీటరు వర్షం కురిస్తే 4,047 లీటర్ల నీరు పడినట్లు. 25 మిల్లీమీటర్ల వర్షం లక్ష లీటర్లకు పైబడుతుంది. త్రికోణ పద్ధతిలో 9 మీటర్ల ఎడంతో నాటిన ఆయిల్ పామ్ తోటలో ఎకరానికి 57 మొక్కలు ఉంటాయి. ఎదిగిన చెట్టుకు రోజుకు 200 లీటర్ల చొప్పున నీరు పెడుతున్నట్లయితే ఎకరానికి 11,400 లీటర్లు, అనగా 2.8 మిల్లీమీటర్ల వర్షానికి సమానమైన నీరు అవసరమవుతుంది. కురిసిన వానను 10 శాతం తప్పుగా కొలిచినా, అసలు కొలవకపోయినా, ఆ తప్పు మోటారు నడిచే గంటలలోను, భూగర్భ జలమట్టంలోను ప్రతిఫలిస్తుంది.

వేసవి చివరి ఉరుముల వానలు, నైరుతి ఋతుపవన కాలపు జల్లులు ఒక ఊరిలో కురిసి పక్క ఊరిని వదిలివేయడం ఈ ప్రాంత రైతులకు కొత్త కాదు. మండల కేంద్రంలోని వర్షమాపకం ఎంత కచ్చితమైనదైనా, పది కిలోమీటర్ల దూరంలోని తోటలో పడిన వానను అది చెప్పజాలదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, ఫోర్ట్ కాలిన్స్ నగరంలో 1997 జులైలో ఒక భాగాన అడుగు లోతుకు మించిన వాన కురవగా, అదే నగరంలోని ఇతర భాగాలలో ఒక మోస్తరు వానే పడింది. ఆ వరద అనుభవం నుంచే పౌరులు తమ ఇంటి పెరడులో సాధారణ వర్షమాపకంతో కొలిచి నివేదించే సంఘం 1998లో ఏర్పడి, తరువాత దేశమంతటా విస్తరించింది. సొంత తోటలో సొంత కొలత ఉండాలన్న ఆలోచనకు ఇది మంచి ఆధారం. అయితే ఆ కొలత సరియైనదేనా అన్నది తరువాతి ప్రశ్న.

కచ్చితత్వం అనగా ఏమి?

పరికరాల అట్టపెట్టెలపై ముద్రించే అంకెలను చదివేటప్పుడు మూడు భావాలను వేరుగా గుర్తించాలి.

మొదటిది సూక్ష్మత. తెరపై 31.7 అని దశాంశ స్థానం కనిపించినంత మాత్రాన ఆ పదో వంతు నిజమని అర్థం కాదు. అది పరికరం చూపగల కనిష్ఠ తేడా మాత్రమే. రెండవది కచ్చితత్వం. పరికరపు కొలత వాస్తవ విలువకు ఎంత దగ్గరగా ఉన్నదో ఇది తెలుపుతుంది. మూడవది ప్రాతినిధ్యం. పరికరం ఉన్న చోటి విలువ, రైతు నిర్ణయం తీసుకోవలసిన పొలానికి ఎంతవరకు వర్తిస్తుందన్నది దీని అర్థం. కొల్లేటి చెరువు గట్టుపై ఉన్న కేంద్రానికీ, నల్లజర్ల ఎర్ర నేలలోని కేంద్రానికీ మధ్య తేమ శాతంలో కనిపించే తేడా పరికర దోషం కాదు. అది రెండు ప్రదేశాల మధ్య ఉన్న నిజమైన తేడా. కావున రెండు పరికరాలను సరిపోల్చాలంటే వాటిని ఒకే చోట, ఒకే ఎత్తులో, ఒకే కాలంలో ఉంచడం మొదటి నియమం.

ప్రపంచ వాతావరణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం మంచి నిర్వహణలో సాధించదగిన కచ్చితత్వం ఉష్ణోగ్రతకు 0.2 డిగ్రీల సెల్సియస్, తేమకు సుమారు 3 శాతం, రోజువారీ వర్షపాతానికి 5 శాతం. గాలి వేగం సెకనుకు 5 మీటర్ల లోపు ఉన్నప్పుడు సెకనుకు 0.5 మీటరు, అంతకు మించినప్పుడు 10 శాతం. గృహ పరికరాలను బేరీజు వేయడానికి ఈ అంకెలను గీటురాయిగా తీసుకోవచ్చును.

చవక పరికరాలలో వాడే సెన్సర్ల ప్రకటిత కచ్చితత్వం ఈ గీటురాయికి మరీ దూరంగా ఏమీ లేదు. డి.హెచ్.టి. 11 అనే అతి చవక సెన్సర్ ఉష్ణోగ్రతలో 2 డిగ్రీలు, తేమలో 5 శాతం వరకు తేడా చూపవచ్చు. డి.హెచ్.టి. 22 ఉష్ణోగ్రతను 0.5 డిగ్రీ లోపు తేడాతో కొలుస్తుంది. ఎస్.హెచ్.టి. 31 రకం సెన్సర్ 0.2 డిగ్రీ, 2 శాతం తేమ స్థాయికి చేరుతుంది. వీటి మధ్య ధరలో ఉన్న తేడా మొత్తం కేంద్రం ధరతో పోల్చినపుడు స్వల్పమే. కాబట్టి కొనుగోలు సమయంలో ఏ సెన్సర్ వాడారో అడిగి తెలుసుకోవడం ప్రయోజనకరం. అయితే ప్రయోగశాలలో సెన్సర్ చూపే కచ్చితత్వం తోటలో అదే విధంగా ఉండదు. కారణాలు కింద చర్చించబడినవి.

ఉష్ణోగ్రత: దోషం పగలే పుడుతుంది

ఉష్ణమాపకం గాలి వేడిమిని కొలవాలి గాని ఎండ వేడిమిని కాదు. ఈ ఉద్దేశంతోనే థామస్ స్టీవెన్సన్ 19వ శతాబ్దంలో రెండు వరుసల ఏటవాలు పలకలతో, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెను రూపొందించాడు. మన దేశంలోని పరిశీలన కేంద్రాలలో ఈ పెట్టెను తలుపు ఉత్తరం వైపు ఉండేలా అమర్చుతారు. అందువలన తలుపు తెరచినప్పుడు ఎండ లోపలి ఉష్ణమాపకాలపై పడదు. నేల నుంచి 1.25 – 2 మీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రతను కొలవాలని ప్రపంచ వాతావరణ సంస్థ నిర్దేశించింది.

గృహ కేంద్రాలలో ఈ పెట్టె స్థానంలో ఒకదానిపై ఒకటి పేర్చిన చిన్న ప్లాస్టిక్ పళ్ళేల వంటి కవచం ఉంటుంది. గాలి బాగా వీచేటప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. గాలి స్తంభించి, ఎండ తీవ్రంగా ఉన్న మధ్యాహ్నం కవచమే వేడెక్కి లోపలి గాలిని వేడిచేస్తుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జరిగి 2015లో ప్రచురితమైన పౌర వాతావరణ కేంద్రాల పరిశీలనలో కూడా, ఎండ వలన ఉష్ణోగ్రత అధికంగా నమోదు కావడం ఒక ముఖ్య దోషంగా తేలింది. ఇంగ్లండు ఎండకే అటువంటి దోషం కలిగినపుడు, నల్లజర్ల మే నెల ఎండలో దానిని ఉపేక్షించడానికి వీలులేదు.

డాబా మీద అమర్చిన కేంద్రానికి సిమెంటు కప్పు నుంచి వచ్చే వేడి తోడవుతుంది. రేకుల షెడ్డు, మోటారు గది, పొగాకు క్యూరింగ్ బ్యారన్ వంటి వాటి పక్కన పెట్టినా ఇదే జరుగుతుంది. గడ్డి ఉన్న ఖాళీ నేలలో, తోట అంచు నుంచి తగినంత దూరంలో నిలిపిన కేంద్రమే తోట పరిసరాల గాలికి ప్రాతినిధ్యం వహిస్తుంది.

ఈ దోషానికి సాగులో ఎంత విలువ ఉంటుందో హార్‌గ్రీవ్స్ సూత్రం ద్వారా లెక్కకట్టవచ్చును. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు మాత్రమే ఉన్నప్పుడు పంట నీటి అవసరానికి ఆధారమైన బాష్పోత్సేకాన్ని అంచనా వేయడానికి ఈ సూత్రాన్ని వాడతారు. మే నెలలో ఈ అక్షాంశానికి వాతావరణపు పైపొరకు చేరే సౌరశక్తి రోజుకు సుమారు 16 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేయగల శక్తికి సమానం. వాస్తవ గరిష్ఠం 40, కనిష్ఠం 28 డిగ్రీలైతే బాష్పోత్సేకం రోజుకు 6.6 మిల్లీమీటర్లు వస్తుంది. కవచ దోషం వలన గరిష్ఠం 42గా నమోదైతే అది 7.27 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. తేడా 0.67 మిల్లీమీటరు, ఎకరానికి సుమారు 2,700 లీటర్లు. 57 చెట్లకు పంచితే చెట్టుకు రోజుకు 47 లీటర్లు అనవసరంగా పెట్టవలసి వస్తుంది. రెండు డిగ్రీల దోషం చిన్నదిగా తోచినా, బోరుబావికి అది చిన్నది కాదు.

గాలిలో తేమ: ఉష్ణోగ్రత తప్పు తేమను కూడా తప్పుదారి పట్టిస్తుంది

సాపేక్ష తేమ ఉష్ణోగ్రతపై ఆధారపడిన కొలత. 30 డిగ్రీల వద్ద 80 శాతం తేమ గల గాలి వేడెక్కిన కవచంలో 32 డిగ్రీలకు చేరితే, గాలిలోని ఆవిరి మారకపోయినప్పటికీ తేమ సుమారు 71 శాతంగా కనిపిస్తుంది. సెన్సర్ ఇక్కడ తప్పు చెప్పలేదు. తన చుట్టూ ఉన్న వేడి గాలి గురించి నిజమే చెప్పింది. కావున పగటిపూట తేమ తక్కువగా చూపుతున్న కేంద్రంలో ముందుగా పరిశీలించవలసినది తేమ సెన్సర్‌ను కాదు, కవచాన్ని.

రాత్రివేళ సమస్య వేరు. వర్షాకాలంలో రోజుల తరబడి సంతృప్త స్థితికి దగ్గరగా ఉన్న గాలిలో ఉంచిన సెన్సర్లు తాత్కాలికంగా అసలు కన్నా కొన్ని శాతం ఎక్కువ చూపడం సాధారణం. కొన్ని పరికరాలు 99 శాతం వద్ద ఆగిపోయి తెల్లవారిన తరువాత కూడా చాలాసేపటి వరకు దిగవు. కొల్లేటి పరిసరాలలోను, దట్టమైన కోకో తోటల నీడలోను ఈ లక్షణం ఎక్కువగా కనిపించే అవకాశం ఉన్నది.

దీని ప్రాముఖ్యం తెగుళ్ళ అంచనాలో ఉన్నది. ఆకులపై తడి ఎంతసేపు నిలిచిందో కొలిచే సాధనం లేనప్పుడు, తేమ 90 శాతం లేదా అంతకు మించి ఉన్న గంటలను తడి గంటలుగా లెక్కించడం వాడుకలో ఉన్న పద్ధతి. ఫైటోఫ్తోరా వలన కోకోలో వచ్చే నల్లకాయ తెగులు వానలు పట్టిన తేమ రోజులలోనే విజృంభిస్తుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాస్తవ తేమ 87 – 89 శాతం మధ్య ఉన్నదనుకొందాం. సెన్సర్ 4 శాతం ఎక్కువ చూపితే తొమ్మిది గంటలూ తడి గంటలుగానే నమోదవుతాయి. సరియైన సెన్సర్ ఒక్క గంటను కూడా నమోదు చేయదు. మందు పిచికారీ చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆ నాలుగు శాతంపై ఆధారపడి ఉంటుంది.

తేమ సెన్సర్‌ను ఇంటిలోని ఉప్పుతోనే పరీక్షించవచ్చును. ఒక సీసా మూతలో వంట ఉప్పు పోసి, ముద్ద అయ్యేంత వరకు మాత్రమే కొద్ది చుక్కల నీరు కలపాలి. దానిని సెన్సర్‌తో పాటు గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఉష్ణోగ్రత మారని గదిలో ఒక రాత్రంతా ఉంచాలి. తడి ఉప్పు పైనున్న గాలిలో తేమ 25 – 30 డిగ్రీల మధ్య సుమారు 75 శాతం వద్ద స్థిరపడుతుంది. ఉప్పు ముద్ద సెన్సర్‌ను తాకకుండా జాగ్రత్త వహించాలి. తెరపై 79 కనిపిస్తే ఆ పరికరం 4 శాతం ఎక్కువ చూపుతున్నదని గ్రహించవచ్చు. ఈ పరీక్షను ఋతుపవనాలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి చేయడం మంచిది.

వర్షపాతం: బకెట్, గరాటు, గడియారం

గృహ కేంద్రాలలో ఎక్కువ భాగం తూగే బకెట్ రకానికి చెందినవి. గరాటు నుంచి దిగిన నీరు తూగుడుబల్ల వంటి రెండు చిన్న గిన్నెలలో ఒకదానిని నింపుతుంది. నిండిన గిన్నె ఒరిగి నీటిని వదిలి రెండవదానిని గరాటు కిందకు తెస్తుంది. ప్రతి ఒరుగును పరికరం 0.2 లేదా 0.3 మిల్లీమీటరు వంటి స్థిర విలువగా లెక్కిస్తుంది. వాన తీవ్రంగా ఉన్నప్పుడు గిన్నె ఒరిగే క్షణంలో కూడా నీరు పడుతూనే ఉండటం వలన కొంత నీరు లెక్కకు రాదు. అందువలన కుండపోత వానలో ఈ రకం తక్కువ చూపుతుంది. కదిలే భాగాలు లేకుండా చినుకుల తాకిడిని గుర్తించి వానను అంచనా వేసే కొత్త రకాలు శుభ్రపరచే శ్రమను తగ్గించినా, అవి నీటి పరిమాణాన్ని నేరుగా కొలవవు. చినుకుల తాకిడి నుంచి పరిమాణాన్ని ఊహిస్తాయి.

తూగే బకెట్‌ను పరీక్షించడం సులభం. గరాటు నోటి వ్యాసం 16 సెంటీమీటర్లు అయితే దాని వైశాల్యం 201 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు 20.1 మిల్లీలీటర్ల నీరు చేరుతుంది. అర లీటరు నీటిని అడుగున సన్నని రంధ్రం చేసిన సీసాలో పోసి, అరగంటకు పైగా నెమ్మదిగా గరాటులోకి జారనివ్వాలి. పరికరం 24.9 మిల్లీమీటర్లు చూపాలి. 22.4 మాత్రమే చూపితే అది పది శాతం తక్కువ కొలుస్తున్నదని అర్థం. దాని కొలతలను 1.11తో హెచ్చవేయాలి. అదే అర లీటరును పది నిమిషాలలో పోసి మరల చూస్తే, తీవ్ర వర్షంలో పరికరం ఎంత వెనుకబడుతుందో తెలుస్తుంది. పరీక్షకు ముందు కేంద్రం సమతలంగా ఉన్నదో లేదో నీటిమట్టపు గొట్టంతో సరిచూడాలి. ఒక పక్కకు వాలిన బకెట్ ఏ పరీక్షలోనూ నిలకడైన ఫలితం ఇవ్వదు.

భారత వాతావరణ శాఖ సాధారణ వర్షమాపకపు అంచును నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచుతుంది. చుట్టుపక్కల చెట్లు, గోడలు తమ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో ఉండాలి. పది మీటర్ల ఆయిల్ పామ్ చెట్టుకు ఇరవై మీటర్ల దూరం అవసరం. ఇంటి కేంద్రాలలో వర్షమాపకం, గాలి కప్పులు, ఉష్ణ కవచం ఒకే స్తంభానికి బిగించి ఉంటాయి. వర్షానికి కింద, గాలికి పైన, ఉష్ణోగ్రతకు మధ్యన ఉండవలసిన వాటిని ఒకే ఎత్తులో ఉంచడం వలన ఏదో ఒకటి నష్టపోతుంది. ఎత్తైన స్తంభంపై గాలి తాకిడికి చినుకులు గరాటు మీదుగా పక్కకు కొట్టుకుపోయి వర్షపాతం తగ్గి కనిపిస్తుంది. వీలైనచో వర్షమాపకాన్ని విడిగా దించి అమర్చే కేంద్రాన్ని ఎంచుకోవడం మేలు.

ఆకులు, పుప్పొడి, సాలెగూళ్ళు, పక్షుల రెట్టలు గరాటు రంధ్రాన్ని మూసివేస్తే వాన కురుస్తున్నా తెరపై సున్నా కనిపిస్తుంది. వాన ఆగిన గంటల తరువాత నీరు చుక్కలుగా జారి, ఎండలో వాన పడినట్లు నమోదవుతుంది. ఇటువంటి నమోదు కనిపిస్తే గరాటు పూడుకొన్నదని వెంటనే గ్రహించాలి. వర్షాకాలంలో వారానికొకసారి గరాటును తుడవడం అన్ని సవరణల కన్నా ముఖ్యం.

ఇక గడియారపు సమస్య. మన దేశంలో రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8.30 గంటల నుంచి మరుసటి ఉదయం 8.30 గంటల వరకు లెక్కిస్తారు. గృహ కేంద్రాలు సాధారణంగా అర్ధరాత్రికి సున్నా చేసుకొంటాయి. సాయంత్రం మొదలై తెల్లవారుజాము వరకు కురిసిన 40 మిల్లీమీటర్ల వాన మండల నివేదికలో ఒకే రోజు లెక్కలో చేరుతుంది. ఇంటి తెరపై 25, 15గా రెండు రోజులకు చీలిపోవచ్చు. ఈ తేడాను పరికర దోషంగా భావించి గరాటును సవరించడం పెద్ద పొరపాటు. గంటల వారీ నమోదును దించుకొని 8.30 నుంచి కూడికలు వేసినప్పుడే పోలిక సరిగా ఉంటుంది. 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి కురిసిన రోజును మాత్రమే వర్షపు రోజుగా పరిగణించే నియమం కూడా ఇదే కొలమానంపై ఆధారపడి ఉన్నది.

గాలి వేగం, వాయుపీడనం

గాలి వేగాన్ని ప్రామాణికంగా 10 మీటర్ల ఎత్తులో, అడ్డంకులకు వాటి ఎత్తుకు పది రెట్ల దూరంలో కొలుస్తారు. తోటలో 2 మీటర్ల ఎత్తున ఉన్న కప్పులు, బహిరంగ నేలలోనైనా, 10 మీటర్ల వేగంలో సుమారు మూడు వంతులు అనగా 75 శాతం మాత్రమే చూపుతాయి. చెట్ల మధ్య ఇంకా తగ్గుతుంది. ఇది దోషం కాదు. పిచికారీ చేసేవారికి కావలసింది నాసిక ఎత్తున ఉన్న గాలియే. తుఫాను హెచ్చరికలలో చెప్పిన వేగంతో మాత్రం దీనిని నేరుగా పోల్చకూడదు. చవక కప్పులు మందగాలిలో కదలక సున్నా చూపుతాయి. అందువలన "గాలి లేదు" అన్న నమోదును "చాలా తక్కువ గాలి" అని చదువుకోవాలి.

వాయుపీడన సెన్సర్లు చవకైన వాటిలో మెరుగైనవి. సాధారణ రకాలు 1 హెక్టోపాస్కల్ లోపు తేడాతో కొలుస్తాయి. సముద్రమట్టం నుంచి సుమారు 8.5 మీటర్ల ఎత్తుకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గుతుంది గనుక, స్థలం ఎత్తును తప్పుగా నమోదు చేస్తే తెరపై వచ్చే విలువ మొత్తం తప్పుతుంది. మరొక జాగ్రత్త కూడా అవసరం. ఉష్ణమండలంలో వాయుపీడనం ప్రతిరోజూ ఉదయం 10 గంటల ప్రాంతంలో పెరిగి, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో కొన్ని హెక్టోపాస్కల్స్ తగ్గుతుంది. దీనిని తుఫాను సూచనగా భావించరాదు. నిన్నటి ఇదే గంటతో పోల్చి చూసినపుడు కలిగిన తగ్గుదలే వాయుగుండం రాకను సూచిస్తుంది. మబ్బు పట్టిన రోజులలో చెరువులలో ప్రాణవాయువు తగ్గుతుందేమోనని కొల్లేటి పరిసరాల చేపల రైతులు ఆందోళన చెందే సమయంలో ఈ పోలిక వారికీ ఉపయోగపడుతుంది.

సరిపోల్చే విధానం

ఒక గృహ కేంద్రాన్ని పరీక్షించాలంటే కనీసం 30 రోజులు, ఎండ రోజులు, మబ్బు రోజులు, వాన రోజులు కలిసి వచ్చేటట్లు, ప్రామాణిక పరికరం పక్కన ఉంచాలి. ప్రామాణిక పరికరం అందుబాటులో లేనప్పుడు నీడ పెట్టెలో ఉంచిన మంచి పాదరస లేదా ఆల్కహాలు ఉష్ణమాపకం, చేతితో కొలిచే వర్షమాపకం చాలును. నిటారు గోడలు గల ఏ డబ్బానైనా వర్షమాపకంగా వాడవచ్చు. చేరిన నీటిని మిల్లీలీటర్లలో కొలిచి, పదితో హెచ్చవేసి, నోటి వైశాల్యంతో భాగిస్తే మిల్లీమీటర్లలో వర్షపాతం వస్తుంది. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి తమ కేంద్రాలను ఒకే చోట వారం పాటు నిలిపి చూడటం కూడా మంచి ఆరంభం. అన్నిటికీ భిన్నంగా ఉన్న పరికరం తనంతట తానే బయటపడుతుంది.

ఫలితాలను ఎలా చదవాలో కింది ఉదాహరణ తెలుపుతుంది. ఇందలి అంకెలు పద్ధతిని వివరించడానికి కల్పించినవి.

ఐదు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రత, ప్రామాణికం: 37.2, 38.0, 36.5, 39.1, 38.4
గృహ కేంద్రం: 38.9, 39.8, 37.0, 41.2, 40.1
తేడా: +1.7, +1.8, +0.5, +2.1, +1.7, సగటు +1.56

ఐదు రోజుల కనిష్ఠ ఉష్ణోగ్రత, ప్రామాణికం: 26.8, 27.1, 26.0, 27.5, 27.0
గృహ కేంద్రం: 26.7, 27.2, 25.8, 27.5, 27.1
తేడా: −0.1, +0.1, −0.2, 0.0, +0.1, సగటు −0.02

పది విలువలను కలిపి సగటు తీస్తే దోషం +0.77 డిగ్రీగా వస్తుంది. పరికరపు యాప్‌లో 0.77 తగ్గించితే సవరణ పూర్తయినట్లు తోస్తుంది. వాస్తవానికి అప్పుడు సరిగా ఉన్న రాత్రి విలువలు 0.8 డిగ్రీ తక్కువై పాడవుతాయి. పగటి విలువలలో మాత్రం 0.8 డిగ్రీ దోషం మిగిలే ఉంటుంది. గరిష్ఠ, కనిష్ఠాలను విడదీసి చూచినపుడు సత్యం స్పష్టమవుతుంది. రాత్రి తేడా పదో వంతులలోనే ఉన్నందున సెన్సర్ మంచిదే. మూడవ రోజు మబ్బు పట్టినదై ఉండి, ఆనాడు తేడా 0.5కు తగ్గినట్లయితే దోషం ఎండదేనని రూఢి అవుతుంది. చేయవలసినది అంకెల సవరణ కాదు. కవచాన్ని మార్చడం, డాబా నుంచి దించడం లేదా చిన్న ఫ్యానుతో కవచంలోకి గాలిని పంపడం. రాత్రి, పగలు కూడా తేడా సమానంగా ఉన్నపుడే ఒకే సంఖ్యతో సవరించడం న్యాయం.

వర్షపాతంలో రోజువారీ తేడాల కన్నా మొత్తాల పోలిక నమ్మదగినది. ప్రతి వానకు చేతి కొలతను, యంత్రపు కొలతను కూడుతూ పోతే రెండింటి నిష్పత్తి స్థిరంగా ఉండాలి. నిష్పత్తి ఒకనాటి నుంచి అకస్మాత్తుగా మారితే ఆనాడే గరాటు పూడటమో, స్తంభం ఒరగడమో జరిగి ఉంటుంది.

అధికారిక వినియోగంలో పరిమితి

2016 ఖరీఫ్ నుంచి అమలులోకి వచ్చిన పునర్వ్యవస్థీకృత వాతావరణ ఆధారిత పంటల బీమా పథకంలో పరిహారం, ఆ పథకానికి ప్రకటించిన వాతావరణ కేంద్రపు కొలతలపైనే లెక్కించబడుతుంది. గృహ కేంద్రపు నమోదు ఎంత కచ్చితమైనదైనా దానికి ప్రత్యామ్నాయం కాదు. మండల స్థాయిలో స్వయంచాలిత వాతావరణ కేంద్రాలను, పంచాయతీ స్థాయిలో వర్షమాపకాలను నెలకొల్పే లక్ష్యంతో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2023లో విండ్స్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ అధికారిక వ్యవస్థ విస్తరించిన కొలదీ రైతులు తమ కేంద్రాలను పోల్చుకొనేందుకు దగ్గరి ప్రమాణం లభిస్తుంది. అంతవరకు సొంత కేంద్రం సొంత నిర్ణయాలకు సాధనంగానే ఉంటుంది. అయినా తేదీ, గంట, శుభ్రపరచిన రోజు, పరీక్షా ఫలితాలతో క్రమంగా రాసిన పుస్తకం ఉన్న రైతు, తన ఊరి వాన మండల కేంద్రం వానకు భిన్నమని అధికారుల ముందు ఆధారంతో మాట్లాడగలడు.

ముగింపు

చవక వాతావరణ కేంద్రం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. వాయుపీడనంలో నమ్మదగినది, రాత్రి ఉష్ణోగ్రతలో దాదాపు నమ్మదగినది, ఎండవేళ ఉష్ణోగ్రతలోను, తీవ్ర వర్షంలోను, సంతృప్త స్థితికి దగ్గరి తేమలోను పరీక్షించి వాడవలసినది. కొనుగోలులో ధర, తెర అందం కన్నా సెన్సర్ రకం, కవచం నిర్మాణం, వర్షమాపకాన్ని విడదీసే వీలు, గంటల వారీ నమోదును దించుకొనే సౌకర్యం ముఖ్యమైనవి. అమర్చిన తరువాత ఉప్పు డబ్బా, అర లీటరు నీటి సీసా, చేతి వర్షమాపకం అనే మూడు సాధనాలతో ఏటా రెండుసార్లు సరిచూసుకొన్నట్లయితే, దోషం ఎంతో తెలిసిన చవక పరికరం దోషం తెలియని ఖరీదైన పరికరం కన్నా తోటకు ఎక్కువగా ఉపకరిస్తుంది. నల్లజర్ల వంటి మెట్ట మండలంలో ఆ ఉపకారాన్ని మోటారు ఆపిన గంటలలోను, పిచికారీ మానుకొన్న రోజులలోను రైతు లెక్కించుకోవచ్చును.